మాదేవి రాత్రి బువ్వ

మాదేవికి రెండేళ్ళ మూడు నెలలు. తూకానికి పెడితే పది కిలోలు కూడా తూగదు గాని, మూతి బిగించిందంటే దాన్ని తెరిపించే మొనగాడు ఆ పల్లెలోనే లేడు. కన్నతల్లి నాగలత వారం రోజులుగా ఆ కాస్తంత మూతితో యుద్ధం చేస్తూ రోజూ ఓడిపోతోంది.

పగలంతా పిల్లకు ఏ లోటూ లేదు. కోడిపిల్లల వెంట పరుగెత్తుతుంది, పక్కింటి సోమక్క మేకపిల్ల చెవి పట్టుకుని లాగుతుంది, బొరుగులు గుప్పెట్లో పట్టుకుని తనే తింటుంది. మధ్యాహ్నం అవ్వ మద్దమ్మ బువ్వ పెడితే కిమ్మనకుండా మింగుతుంది. పొద్దుగూకి, నాగలత గిన్నెలో పప్పు బువ్వ కలుపుకుని ఎదుట కూచునేసరికి మాత్రం వ్యవహారం మారిపోతుంది. మొదటి ముద్ద ఎలాగోలా నోట్లోకి పోతుంది. పోయిందో లేదో పెదాలు వంకర తిరుగుతాయి, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, ముద్ద నేల మీద ఉంటుంది. ఆ పైన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అవ్వ దగ్గరికి పరుగే పరుగు. అవ్వ అదే కుండలోని బువ్వ, అదే పప్పు ఇంకో గిన్నెలో కలిపి పెడితే, మహారాణిలా ఆమె తొడ మీద కూచుని చివరి మెతుకు దాకా తింటుంది. మిగిలిన ఎంగిలి గిన్నె నాగలత ముందుంటుంది. అదే ఆమె రాత్రి భోజనం.

ఇంకెవరింట్లోనైనా అయితే పిల్ల మారాం చేస్తోందిలే అని నవ్వుకునేవాళ్ళు. నాగలతకు నవ్వు రాలేదు. ఆమె నాలుగు నెలల తర్వాత ఇంటికి వచ్చింది.

ఆదోని చుట్టుపక్కల పల్లెల్లో పంట ఇల్లు చేరాక చేతికి పని ఉండదు. చలికాలం రాగానే సగం ఊరు మూట కట్టుకుని మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతుంది. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. ఈ ఏడు నాగలత, ఆమె మొగుడు ఈరేష్ కూడా పోయారు. చేలో గుడారం, ఎండ, పురుగుమందు వాసన, అక్కడికి పసిపిల్లను తీసుకుపోలేక అత్త మద్దమ్మ దగ్గర వదిలారు. వదలాలంటే ముందు పాలు మాన్పించాలి. నాగలత వేపాకు నూరి రొమ్ముకు పూసుకుంది. పిల్ల ఆశగా నోరు పెట్టి, చేదు తగలగానే వెనక్కి జరిగి, ఏమిటిది అన్నట్టు తల్లి మొహంలోకి చూసింది. ఆ చూపు నాలుగు నెలల పాటు నాగలత మిరప చేలో ఏ సాలులో వంగినా ఎదుట కనబడుతూనే ఉండింది.

ఆ పాపమే ఇప్పుడు అనుభవిస్తున్నానని ఆమె నమ్మకం. పిల్ల అప్పటి చేదును మరిచిపోలేదు, ఈ మనిషి దగ్గరికి పోతే మోసం చేస్తుందని మనసులో పెట్టుకుంది. రెండేళ్ళ పిల్లకు అంత మనసుంటుందా అని అడిగితే నాగలత ఒప్పుకోదు. ఉంటుంది, నా బిడ్డకు ఉంటుంది అంటుంది.

ఊళ్ళో సలహాలకు కొదవ లేదు. అందరికంటే ముందు సోమక్క వచ్చింది.

"దిష్టి తగిలిండాది. కొత్త మనుషులు, కొత్త గుడ్డలు, ఎవురి కండ్లు పడినాయో ఏమో. ఉప్పూ మిరపకాయలూ తీసి పొయ్యిలో ఏయండి," అంది.

కాయలకేం కరువు? సుగ్గికి పోయినవాళ్ళు ఏడాదికి సరిపడా వెంట తెచ్చుకుంటారు, వీళ్ళూ రెండు బస్తాలు తెచ్చారు. నాగలత అందులోంచి గుప్పెడు తీసి, పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల మీద వేసింది. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. ఇక్కడ వచ్చిన ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గుతూ వీధిలోకి పరుగెత్తారు, సోమక్క మేకపిల్ల కూడా. దిష్టి లేదని తేలిపోయింది.

తర్వాత ఈరేష్ తన తెలివి చూపించాడు. ఫోన్‌లో బొమ్మలు పెట్టి పిల్ల ఎదుట పట్టుకున్నాడు. మాదేవి ఫోన్ తీసుకుని ఎంతో శ్రద్ధగా చూసింది. మూతి మాత్రం తెరవలేదు. "ఇది నీ పోలికేనమ్మే," అని పెళ్ళాన్ని ఆటపట్టించబోయి, ఆమె చూసిన చూపుకు ఫోన్ జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

సోమవారం జరిగింది వీటన్నిటికంటే ఘోరం. పొద్దుగూకగానే కరెంటు పోయింది. చీకట్లో మద్దమ్మకు ఒక ఉపాయం తోచింది. తనే బువ్వ కలిపి, పిల్లను తొడ మీద కూచోబెట్టుకుని, కబుర్లు చెబుతూ రెండు ముద్దలు పెట్టింది. మూడో ముద్దకు కోడలి చెయ్యి పట్టి లాగి, నువ్వు పెట్టమన్నట్టు గిన్నెలో ఉంచింది. అవ్వ గొంతు వినబడుతూనే ఉంది. మాదేవి హాయిగా నోరు తెరిచింది. ముద్ద పడింది. మరుక్షణం ఉమ్మేసి గుక్కపెట్టి ఏడ్చింది.

చీకట్లో కూడా గుర్తు పట్టింది. మొహం కనబడకపోయినా, గొంతు వినబడకపోయినా, ఇది ఆ మనిషి చెయ్యి అని తెలుసుకుని ఉమ్మేసింది. నాగలత ఆ రాత్రి ఎంగిలి గిన్నె కూడా ముట్టుకోలేదు. గోడ వైపు తిరిగి పడుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

దానికి తోడు ఆదివారం దగ్గర పడుతోంది. మద్దమ్మ కూతురు శివజ్యోతి నందికొట్కూరులో ఉంటుంది. రెండో కాన్పుకు నెలలు నిండాయి. అత్తగారింట్లో చూసేవాళ్ళు లేరు, ఆదివారం పొద్దున బస్సుకు మద్దమ్మ పోయి తీరాలి. పోతే రెండు నెలల దాకా రాదు. మరి మాదేవికి బువ్వ ఎవరు పెడతారు?

బుధవారం ఈరేషే ఆ మాట ఎత్తాడు. "పిల్లను అమ్మ ఎమ్మడే పంపిద్దామమ్మే. రెండు నెలలే గదా. ఈడ ఉంటే తిండి లేక ఎండిపోతాది."

"నీకేమప్పా, రెండు నెలలే అంటావు," అంది నాగలత. "నాలుగు నెలలు అయిపాయె. ఇంగ రెండు పోతే నేను దానికి ఎవురు? ఈదిలో పోయే మనిషికీ నాకూ ఏం తేడా ఉండాది?"

మద్దమ్మ వక్క కొరుకుతూ గోడ వైపు చూసింది. ఆ తర్వాత మెల్లగా, "నా చేతనైనంత చూస్తిని. ఆదివారం దాకా చూద్దాము. తింటే ఈడ్నే ఉంటాది, తినకపోతే నా ఎమ్మడి వస్తాది. ఆకలి బిడ్డను ఇడిసిపెట్టి నేను పోలేను," అంది. పిల్ల తినకపోతే తీసుకుపొమ్మని తనే చెప్పాలి, అది తల్లిగా నాగలతకూ తెలుసు.

గురువారం సాయంత్రం నాగలత మిద్దె మీద ఉంది. తెచ్చిన కాయలు అక్కడే ఆరబోశారు. వాటికి తొడిమలు తీసి ఆదోనికి పంపించి మిల్లు పట్టించాలి. వచ్చినప్పటి నుంచీ రోజూ మధ్యాహ్నమంతా ఆమెకు అదే పని. కింద కోడిపిల్లను తరుముతూ మాదేవి బోర్లా పడింది, మోకాలు గీసుకుంది. ఏడుపు వినగానే నాగలత మెట్లు రెండేసి దిగుతూ వచ్చింది. పిల్ల దగ్గరకు రానిస్తుందా లేదా అని ఆలోచించలేదు, అమాంతం ఎత్తుకుంది. విచిత్రం, మాదేవి మెడ పట్టుకుంది! వారంలో మొదటిసారి. నాగలతకు లోకం మరిచిపోయినట్టయింది. పిల్ల కన్నీళ్ళను వేళ్ళతో తుడిచింది.

మాదేవి ఒక్క అరుపు అరిచింది. మోకాలి దెబ్బకు ఏడ్చిన ఏడుపు దీని ముందు లెక్కలోకి రాదు. కళ్ళు గట్టిగా మూసుకుని, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ, తల్లి చేతుల్లోంచి కిందికి జారిపోయింది.

పొయ్యి దగ్గర నుంచి మద్దమ్మ పరుగున వచ్చింది. పిల్లను తొట్టి దగ్గరికి తీసుకుపోయి, దోసిళ్ళతో నీళ్ళు కొట్టింది. కళ్ళు రెండూ ఎర్రగా వాచాయి. "కంట్లో ఏం పడిందమ్మే?" అని అడిగింది.

"ఏమీ పళ్ళేదత్తా. కండ్లు తుడిచినా, అంతే."

"దేంతో తుడిస్తివి?"

"ఈ చేత్తోనే."

మద్దమ్మ ఆ చేతివంక చూసింది. మిద్దె వంక చూసింది. "చేతులు కడుక్కోలేదా?"

"దినామూ కడుక్కుంటాండా. బువ్వ కలిపే ముందర సబ్బు పెట్టి మరీ కడుక్కుంటాండా. ఇప్పుడు పాప పడిందని అట్లే వచ్చినా గాని."

మద్దమ్మ కోడలిని లోపలికి తీసుకుపోయి సబ్బు ఇచ్చి రెండుసార్లు కడిగించింది. తర్వాత ఆమె చూపుడువేలు పట్టుకుని, చిన్నపిల్లలా నాలుక చాపి, దాని మీద పెట్టుకుంది. ఒక క్షణం ఏమీ లేదు. మరుక్షణం మొహమంతా ముడుచుకుపోయింది. "థూ థూ!" అంటూ చెంబెత్తి నీళ్ళు తాగింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

నాగలత కంగారుగా తన వేలు తనే నోట్లో పెట్టుకుంది. "నాకేమీ తెలీడం లేదత్తా!"

"నీకెట్ల తెలుస్తాది? నాలుగు నెలలు దాంట్లోనే మునిగితివి. గోర్ల సందులో, చర్మం పగుళ్ళలో కారం ఊరిపోయిండాది. చాలదని మళ్ళా దినామూ తొడిమలు తీస్తాండావు. నీ నోరు మొద్దుబారిపోయింది. బిడ్డ నోరు పువ్వు మాదిరి ఉంటాది." మద్దమ్మ ఊపిరి తీసుకుంది. "నాగలతా, బిడ్డ నిన్ను మర్సిపోలేదమ్మే. దానికి నోరు మండుతాండాది. అంతే."

చీకట్లో గుర్తుపట్టింది తల్లిని కాదు, మంటను. నాగలతకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తెలియక రెండూ ఒకేసారి వచ్చాయి. వారం రోజులు తన బిడ్డ నోట్లో తనే కారం పెట్టి, నా ముద్ద తినడం లేదని ఆ బిడ్డ మీదే నిష్ఠూరపడింది. "అయ్యో నా తల్లీ," అని తల కొట్టుకుంటూ, ఎంత ఘోరం చేశానో అని ఒకవైపు, పిల్లకు నా మీద కోపం లేదని ఇంకోవైపు, అలా చాలాసేపు కొట్టుమిట్టాడింది.

అప్పుడు చూసింది అత్తను. మద్దమ్మ గడప మీద కూచుండిపోయింది. చెంబు చేతిలోనే ఉంది. మనసు అక్కడ లేదు.

"ఏమైందత్తా?"

"ఈరేషు," అంది మద్దమ్మ. "వానికి అప్పుడు రెండున్నరేండ్లు. మా అత్త దగ్గర ఇడిసిపెట్టి నేనూ మీ మామా సుగ్గికి పోతిమి. తిరిగొచ్చి బువ్వ పెడితే ఉమ్మేస్తాండె. ఇట్లే. ఒక దినమా, రెండు దినాలా. మా అత్త ఊరంతా చెప్పుకుండె, కన్నతల్లిని మర్సిపోయినాడు, నేనే వానికి తల్లి అని. నేనూ అట్లే అనుకుంటి. నా బిడ్డ నన్ను వద్దనుకున్యాడని. ఇంగ నేను పెట్టేదే మానుకుంటి. వాని చేత్తో వాడు తినేదాకా మా అత్తే పెట్టె. ముప్పై ఏండ్లాయె. ఈపొద్దు తెలుస్తాండాది నాకు."

నాగలత అత్త పక్కనే గడప మీద కూచుంది. ఎప్పుడూ అత్త పక్కన అంత దగ్గరగా కూచోలేదు. కళ్ళ మంట తగ్గిన మాదేవి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మళ్ళీ కోడిపిల్లల మీదికి పోయింది.

ఈరేష్ ఇల్లు చేరేసరికి చెప్పడానికి మద్దమ్మ కాచుకుని ఉంది. అంతా విని అతను తల గోక్కున్నాడు. "నాకేం గుర్తు లేదమ్మా," అన్నాడు.

"రవ్వంత కూడా?"

"రవ్వంత కూడా. అవ్వ బువ్వ పెట్టేది కూడా గుర్తు లేదు. ఏమిటికి ఏడుస్తాండావు ఇప్పుడు?"

మద్దమ్మ జొన్నరొట్టె తుంచి, పప్పులో అద్ది, నోరు తెరవమంది. ఈరేష్ పెళ్ళాం వంక చూసి సిగ్గుపడ్డాడు. మీసం వచ్చిన మొగోడికి ఏందమ్మా ఇది అన్నాడు. తల్లి చెయ్యి దించలేదు. చివరికి నోరు తెరిచాడు. మద్దమ్మ ఒక్క ముక్కతో ఆగుతుందనుకున్నాడు పాపం, రొట్టె అంతా అయిపోయేదాకా ఆగలేదు.

ఆ రాత్రి నుంచే మిరపకాయల బాధ్యత ఈరేష్ మీద పడింది. నాగలత మిద్దె మెట్లు తొక్కలేదు. శుక్రవారం మొదలుపెట్టి చేతులకు సెనగ నూనె పట్టించింది, పుల్ల మజ్జిగలో నానబెట్టింది, సెనగపిండితో రుద్దింది, మళ్ళీ నూనె. గోళ్ళు చర్మం దాకా కత్తిరించుకుంది. గాజులు తీసి విడిగా కడిగింది. గంటకోసారి మద్దమ్మ వచ్చి వేలు నాకి, "ఇంగా ఉండాది," అని తీర్పు చెప్పి పోయేది. శనివారం మధ్యాహ్నం నాకి, కాసేపు ఆలోచించి, "మజ్జిగ రుచి తప్ప ఏమీ లేదు," అంది. ఆ మాట విన్నప్పుడు నాగలత పరీక్ష పాసైనంత సంబరపడింది.

సంబరం ఎంతోసేపు నిలవలేదు. ముందే ఒక ముద్ద పెట్టి చూద్దామని గిన్నె పట్టుకుని కూచుంది. చెయ్యి లేవగానే మాదేవి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. చేతిలో కారం లేదని అత్తకు తెలుసు, మొగుడికి తెలుసు, ఊరందరికీ తెలుసు. తెలియాల్సిన మనిషికి ఎవరు చెబుతారు? వారం రోజులు మండించిన చెయ్యిని ఉన్నట్టుండి నమ్మమంటే ఏ పిల్ల నమ్ముతుంది?

మద్దమ్మ సంచి సర్దుకుంటోంది. తన చీరలు లోపల పెట్టి, మాదేవి గౌన్లు నాలుగు మడిచి సంచి పైన ఉంచింది. లోపల పెట్టలేదు, తీసి పక్కనా పెట్టలేదు. నాగలత ఆ గౌన్ల వంక చూసి, చూడనట్టు లేచిపోయింది.

పొద్దుగూకింది. ఈసారి నాగలత పిల్లను పిలవలేదు, పాటలు పాడలేదు, కాకిని చూడు పిట్టను చూడు అనలేదు. గిన్నె పక్కన పెట్టి, వాకిట్లో నేల మీద ఊరికే కూచుంది. మాదేవి దూరంగా నిలబడి గిన్నెను, ఆమెను అనుమానంగా చూసింది.

"మాదేవీ," అంది నాగలత. పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడింది. "అమ్మ చేతికి కారం అంటిండె. నీకు నోరు మండింది గదా? అమ్మకు తెలీలేదు నాయనా. అమ్మ చెయ్యి మంట." అరచెయ్యి చాపి చూపించింది. నూనెతో, పిండితో రుద్దీ రుద్దీ చేతులు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. వేళ్ళ చివర చర్మం లేచిపోయింది.

ఎంత అర్థమైందో ఏమో. మంట అనే మాట మాత్రం మాదేవికి తెలుసు. నాలుగడుగులు వేసి దగ్గరికి వచ్చింది. ఎర్రబడిన ఆ చెయ్యిని వంగి చూసింది. మొహంలో పెద్దరికం వచ్చేసింది. చూపుడువేలు తన రెండు చేతులతో పట్టుకుని, బుగ్గలు నింపి, "ఉఫ్," అని ఊదింది.

నాగలత కదల్లేదు. కదిలితే ఎక్కడ ఆగిపోతుందోనని ఊపిరి కూడా బిగబట్టింది. మాదేవి పక్క వేలు పట్టుకుంది. ఊదింది. ఆ పక్కది. చిటికెన వేలికి ఊదినప్పుడు గాలి కంటే ఉమ్మే ఎక్కువ వచ్చింది. బొటనవేలు మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి వచ్చి దానికీ ఊదింది.

"పోయిందా?" అని అడిగింది.

"పోయింది నాయనా. అంతా పోయింది."

మాదేవి అంత సులభంగా ఎవరి మాటా వినే రకం కాదు. నాలుక కొన బయటపెట్టి ఆ వేలికి ఆనించింది. కళ్ళు గట్టిగా మూసుకుని, మంట వస్తుందేమోనని నిలబడింది. రాలేదు. ఒక కన్ను తెరిచింది. రెండోది తెరిచింది. తల్లి మణికట్టు పట్టుకుని గిన్నె వైపు లాగింది.

నాగలత చిన్న ముద్ద చేసి పిల్ల నోటి దగ్గరికి తీసుకుపోయింది. మాదేవి ముందు ముద్ద మీద ఒకసారి ఊది, అప్పుడు నోరు తెరిచింది. నమిలింది. మింగింది. ఇంకో ముద్దకూ ఊదింది, తింది. ప్రతి ముద్దకూ ఊదాల్సిందే, ఊదకుండా తినేది లేదు. పోనీ, గిన్నె ఖాళీ కావడానికి గంట పట్టినా నాగలతకు తొందరేమీ లేదు. వాకిలి దగ్గర చప్పుడు చేయకుండా నిలబడి చూసిన మద్దమ్మ లోపలికి పోయి, సంచి మూతి కట్టేసింది. గౌన్లు తీసుకుపోయి దండెం మీద వేసింది.

సగం గిన్నె అయ్యేసరికి నాగలతకు ఏమీ కనబడడం లేదు. ఎంత ఆపుకున్నా కన్నీళ్ళు బొటబొటా రాలుతున్నాయి. చేతికి మెతుకులు, తుడుచుకునే వీలు లేదు. మాదేవి నమలడం ఆపి తల్లి మొహంలోకి చూసింది.

"అమ్మా, మంటా?" అంది.

తల్లి ఒళ్ళోకి ఎక్కి నిలబడి, రెండు బుగ్గలూ పట్టుకుని, ముందు ఈ కంట్లోకి, తర్వాత ఆ కంట్లోకి, పప్పు మెతుకుల నోటితో ఉఫ్ ఉఫ్ అని ఊదింది.